హెవీ లైసెన్సు: కాగితాల నుంచి ఘాట్ రోడ్డు దాకా

లారీ నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ళు ముందుగా అడిగేది ఎంతవుతుంది, ఎన్నాళ్ళవుతుంది అని. అంతకంటే ముందు స్కూలువాళ్ళని అడగాల్సినవి వేరే ఉన్నాయి. మీ బండిలో గాలి మీటరు పనిచేస్తోందా? లోడు వేసి నడిపిస్తారా? రోజూ స్టీరింగ్ నా చేతిలో ఎంతసేపు ఉంటుంది? ఖాళీ బండితో చదును నేల మీద నేర్చుకున్నా లైసెన్సు వచ్చేస్తుంది. కానీ వెనక ఇరవై టన్నుల సరుకున్నప్పుడు దిగుడులో బండిని ఆపడం దాంతో రాదు. అందుకని కాగితాల సంగతి త్వరగా చెప్పేసి, ఆ రెండోదాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం కారు లైసెన్సుకి 18 ఏళ్ళు చాలు, ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి మాత్రం 20 నిండాలి. దాంతోపాటు ఎల్‌ఎంవీ, అంటే కారు లైసెన్సు వచ్చి కనీసం ఏడాది గడిస్తే గానీ ట్రాన్స్‌పోర్ట్‌కి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ళ తాత్కాలిక లైసెన్సు) ఇవ్వరు. ఇరవై నిండగానే లారీ ఎక్కాలని ఉన్నవాళ్ళు పందొమ్మిది నిండేలోపే కారు లైసెన్సు తీసిపెట్టుకోవాలి. చాలామంది ఇక్కడే ఏడాది పోగొట్టుకుంటారు. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన 2019లో తీసేశారు. ఇంకా సర్టిఫికెట్ అడుగుతారని భయపడి వెనక్కి తగ్గేవాళ్ళు ఉన్నారు, ఆ భయం అక్కర్లేదు.

అందరికీ హెవీ అవసరం కూడా లేదు. మొత్తం బరువు, అంటే బండీ సరుకూ కలిపి, 7,500 కిలోలు దాటనిదంతా ఎల్‌ఎంవీ కిందికే వస్తుంది. టాటా ఏస్, బొలెరో పికప్, 407 లాంటివి కిరాయికి తిప్పుకోవడానికి మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ మాటే ఖాయం చేసింది. ఆరు టైర్ల పెద్ద లారీ, పది టైర్లు, టిప్పరు, ట్రెయిలరు ఎక్కాలంటేనే ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ కావాలి. మన వాడుకలో హెవీ అంటే అదే.

మెడికల్ సర్టిఫికెట్ ఫారం 1ఏ. ఆర్టీఏ ఆఫీసు గేటు ముందు చూడకుండా సంతకం పెట్టించుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దాన్ని వదిలేసి నిజంగా చూపించుకోండి. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి నంబరు ప్లేటు చదవగలగాలి, అద్దాలు పెట్టుకునైనా సరే. రంగుల అంధత్వం తీవ్రంగా ఉంటే లైసెన్సు రాదు, ఒక మోస్తరుగా ఉన్నవాళ్ళకి 2020లో వెసులుబాటు ఇచ్చారు. మీరు తప్పకుండా చూపించుకోవాల్సినవి రెండున్నాయి: షుగరు, రాత్రి చూపు. ఎదురు లైట్లు పడ్డాక కళ్ళు తేరుకోవడానికి మామూలు కంటే ఎక్కువసేపు పడుతుంటే, రాత్రి డ్యూటీలు మొదలుపెట్టకముందే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఎల్‌ఎల్‌ఆర్ చెల్లుబాటు ఆరు నెలలు. తీసుకున్న 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్షకి స్లాటు. ఎల్‌ఎల్‌ఆర్ మీద నడిపేటప్పుడు పక్కన ఆ తరగతి లైసెన్సున్న మనిషి ఉండాలి, ముందూ వెనకా తెల్ల చదరంలో ఎర్ర ఎల్ బోర్డు కట్టాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కి 150 రూపాయలు, డ్రైవింగ్ పరీక్షకి 300, లైసెన్సులో కొత్త తరగతి చేర్చడానికి 500. వీటి మీద రాష్ట్రం సర్వీసు చార్జీలు వేస్తుంది. అసలు ఖర్చంతా స్కూలు ఫీజే.

కారులాగా సొంతంగా నేర్చుకుని పరీక్షకి వెళ్తానంటే ట్రాన్స్‌పోర్ట్‌కి కుదరదు. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్ జత చేయాలి.

స్కూలు దగ్గర చూడాల్సినవి

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు హెవీ శిక్షణకి కనీసం 30 రోజులు, అందులో 15 గంటలు అసలు డ్రైవింగు అని చెబుతున్నాయి. లెక్క వేసుకోండి. 30 రోజులకి 15 గంటలంటే రోజుకి అరగంట స్టీరింగ్ మీ చేతిలో ఉండాలి. ఒకే బండిలో పది మందిని ఎక్కించుకుని గంటన్నర తిప్పి దించేస్తే ఒక్కొక్కరికి తొమ్మిది నిమిషాలు. నెలయ్యేసరికి నాలుగున్నర గంటలు. ఫారం 5 మీద మాత్రం 15 అని రాసిస్తారు. ఇది మోసమే. డబ్బు కట్టకముందే, ఒక రోజు వాళ్ళ బండి వెనకాలే వెళ్ళి ఎంతమంది ఎక్కుతున్నారో లెక్కపెట్టుకుంటే తేలిపోతుంది.

రెండోది డబుల్ కంట్రోలు. స్కూలు బండిలో నేర్పేవాడి కాలి కింద కూడా క్లచ్, బ్రేకు ఉండాలి. కొన్ని పాత బండ్లలో పెడళ్ళు ఉంటాయి, లింకేజీ మాత్రం వదులై పనిచేయదు. బండి నిలిపి ఉన్నప్పుడు ఆయన వైపు బ్రేకు తొక్కమని అడిగి, మీ వైపు పెడల్ కిందికి దిగుతోందో లేదో చూడండి.

ఆర్టీసీ నడిపే హెవీ డ్రైవింగ్ స్కూళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. నేర్పేవాళ్ళు ఏళ్ళ తరబడి బస్సు నడిపినవాళ్ళు, వెనకే గ్యారేజీ ఉంటుంది కాబట్టి బ్రేకు డ్రమ్ము విప్పి చూపించమని అడిగే వీలుంటుంది. నా ఓటు వాటికే. బస్సు మీద నేర్చుకుంటే లారీ రాదనే మాటలో పస లేదు. గాలి బ్రేకు ఒకటే, స్టీరింగ్ ఒకటే, పొడవు కూడా దగ్గర దగ్గరే. లోడు కట్టడం ఒక్కటే విడిగా నేర్చుకోవాలి.

2021 నుంచి అక్రెడిటెడ్ డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లనే కొత్త పద్ధతి కూడా ఉంది. హెవీకి ఆరు వారాల్లో 38 గంటలు, సిమ్యులేటరు, సొంత ట్రాకు. అక్కడ పాసైతే ఆర్టీఏ దగ్గర మళ్ళీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు. మీ జిల్లాకి అందుబాటులో అలాంటిది ఉంటే మామూలు స్కూలు వైపు చూడక్కర్లేదు.

క్లీనరుగా చేరి డ్రైవరయ్యే పాత దారి ఇప్పుడు సన్నబడిపోతోంది. ఆ దారిలో వచ్చినవాళ్ళకి స్టీరింగ్ పట్టేనాటికే టైరు మార్చడం, పట్టా కట్టడం, కాటా దగ్గర మాట్లాడటం, ఏ శబ్దం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడం వచ్చేసి ఉండేవి. స్కూల్లో చేరినవాళ్ళు ఆ లోటు పూడ్చుకోవాలంటే లైసెన్సు వచ్చాక కొన్ని నెలలు సీనియరు పక్కన కూర్చుని తిరగాలి.

ట్రాకు

పరీక్షలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసేది నిబంధనల్లో రాసి ఉన్నదే: అద్దాలు సర్దుకోవడం, బెల్టు, గేర్లు ఒకటి తర్వాత ఒకటి పైదాకా వేయడం, మళ్ళీ కిందికి దించడం, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా ఎత్తుకోవడం, రివర్సు, మలుపుల్లో సిగ్నలు. ట్రాకు మీద ఎక్కువమంది తప్పేది రివర్సులో, ఆ తర్వాత ఎత్తు మీద.

రివర్సులో తప్పడానికి కారణం తొందర. లారీలో సగం స్టీరింగ్ తిప్పితే ఫలితం వెంటనే కనిపించదు, బండి ఒక మీటరు కదిలాక గానీ తోక తిరగడం తెలియదు. కారు అలవాటున్నవాళ్ళు ఆ మీటరు ఆగలేక ఇంకా తిప్పేస్తారు, అప్పటికి ఎక్కువైపోతుంది. క్లచ్ మీద బండిని పాకిస్తూ, తిప్పడం కొంచెం, చూడటం ఎక్కువగా చేయాలి. రెండు పక్కల అద్దాలూ మార్చి మార్చి చూడాలి. ఒకే అద్దానికి కళ్ళు అతుక్కుపోతే రెండో పక్క గీత తగులుతుంది.

ఎత్తు మీద యాక్సిలరేటరు తొక్కిపట్టి క్లచ్ వదలడం కారు పద్ధతి. లారీ డీజిల్ ఇంజనుకి మొదటి గేరులో క్లచ్ పట్టుకునేచోటు దాకా వదిలితే చాలు, ముక్కు కొంచెం లేచినట్టు తెలుస్తుంది. అప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలి, ఆ తర్వాత యాక్సిలరేటరు. ముందే రేజ్ చేస్తే క్లచ్ ప్లేటు కాలుతుంది, ఆ వాసన ఇన్‌స్పెక్టరుకీ వస్తుంది.

తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళొచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.

గాలి బ్రేకు

అసలు విషయం ఇక్కడుంది. కారు బ్రేకు నూనెతో పనిచేస్తుంది, లారీది గాలితో. ఇంజనుతో పాటు తిరిగే కంప్రెసరు గాలిని ట్యాంకుల్లోకి ఎక్కిస్తుంది. పెడల్ తొక్కితే ఆ గాలి చక్రం దగ్గరున్న బ్రేక్ చాంబరులోకి వెళ్ళి రాడ్డుని తోస్తుంది, రాడ్డు స్లాక్ అడ్జస్టర్‌ని తిప్పుతుంది, అది ఎస్ ఆకారంలో ఉండే క్యామ్‌ని తిప్పి లైనర్లని డ్రమ్ముకి నొక్కుతుంది. వెనక చక్రాల చాంబర్లలో దీనికి తోడు బలమైన స్ప్రింగు ఒకటి ఉంటుంది. గాలి ఉన్నంతసేపు అది నొక్కుకుపోయి ఉంటుంది. గాలి పోతే విడివడి బ్రేకు పట్టేస్తుంది. హ్యాండ్ బ్రేకు వేసినప్పుడు మీరు చేసేది ఆ గాలిని బయటికి వదలడమే. ‘ఛుస్’ మనే శబ్దం అదే. పొద్దున్నే స్టార్ట్ చేసిన వెంటనే బండి కదలకపోవడానికీ అదే కారణం.

గాలి అయిపోతే బ్రేకు దానంతటదే పడుతుంది కదా అని ధీమా పడొద్దు. పరుగులో ఉండగా ఆ స్ప్రింగు పట్టిందంటే వెనక చక్రాలు బిగుసుకుపోతాయి, వాన రోడ్డు మీదైతే బండి అడ్డం తిరుగుతుంది. గాలి తగ్గుతున్న సంగతి అంతకు చాలా ముందే మీకు తెలియాలి.

ప్రతి పొద్దున చేయాల్సిన పని ఇది. చక్రాలకి దిమ్మలు పెట్టి స్టార్ట్ చేయండి. డాష్‌బోర్డు మీద గాలికి రెండు ముళ్ళుంటాయి, ముందు సర్క్యూట్‌కి ఒకటి, వెనక సర్క్యూట్‌కి ఒకటి. రెండూ కలిసి లేవాలి. ఒకటి లేచి ఇంకోటి వెనకబడితే ఆ వైపు లీకో, వాల్వు ఇబ్బందో ఉన్నట్టు. చాలా బండ్లలో 7-8 బార్ దగ్గరికి వచ్చేసరికి డ్రయ్యరు (గాలిలో తేమ తీసే డబ్బా) దగ్గర టప్పుమని గాలి వదులుతుంది, ట్యాంకులు నిండాయన్నమాట. ఇప్పుడు ఇంజను ఆపేసి, తాళం ఆన్‌లోనే ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, పెడల్ గట్టిగా తొక్కిపట్టి ఒక నిమిషం ముళ్ళనే చూడండి. తొక్కగానే కొంచెం దిగి నిలబడాలి. నిలబడ్డాక నిమిషంలో 0.3 బార్ కంటే ఎక్కువ జారుతుంటే ఎక్కడో గాలి పోతోంది. రేడియో కట్టేసి, పక్క మనిషిని బండి చుట్టూ తిరగమంటే ఏ చాంబరు దగ్గరో, ఏ పైపు జాయింటు దగ్గరో బుస వినిపిస్తుంది. అనుమానం ఉన్నచోట సబ్బు నీళ్ళు రాస్తే బుడగలు వస్తాయి.

తర్వాత పెడల్ తొక్కుతూ వదులుతూ గాలి దించండి. 4-5 బార్ మధ్య బజరు మోగాలి, ఎర్ర లైటు వెలగాలి. మోగకపోతే ఆ బండి గేటు దాటకూడదు. చాలా బండ్లలో బజరు గోల భరించలేక వైరు పీకేసి ఉంటుంది. బండి కొత్తగా చేతికొచ్చిన రోజున మీరు మొదట చూడాల్సింది ఆ వైరే.

చివరగా ట్యాంకుల కింద డ్రెయిన్ వాల్వు లాగండి. డ్రయ్యరు బాగుంటే పొడి గాలే వస్తుంది. నీళ్ళు, తెల్లటి జిడ్డు వస్తే డ్రయ్యరు ఫిల్టరు అయిపోయినట్టో, కంప్రెసరు నూనె కక్కుతున్నట్టో. ఆ నీళ్ళు వాల్వుల్లోకి వెళ్ళి తుప్పు పట్టిస్తాయి, బ్రేకు ఆలస్యంగా పట్టడం, ఆలస్యంగా వదలడం మొదలవుతుంది. ఇంకొక్క మాట: వెనక చాంబరుకి చుట్టూ ఉండే క్లాంపు రింగుని దారి మధ్యలో ఎవరెన్ని చెప్పినా విప్పొద్దు. లోపలి స్ప్రింగు వదులైతే మనిషిని చంపేంత బలంతో బయటికి తన్నుతుంది. దాన్ని బోల్టుతో బిగించి పెట్టి విప్పే పద్ధతి వేరే ఉంది, అది మెకానిక్కు చేయాల్సిన పని.

గాలి బ్రేకుకి ఉన్న ఇంకో గుణం, తొక్కిన వెంటనే పట్టదు. గాలి పైపుల్లో ప్రయాణం చేసి చాంబరు నిండటానికి దాదాపు అర సెకను పడుతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. మీరు చూసి కాలు కదపడానికి ఒక సెకను, గాలికి అర సెకను, కలిపితే 25 మీటర్లు అసలు బ్రేకే పడకుండా గడిచిపోతాయి. ముందు వెళ్ళే కారు అంతలో చాలావరకు వేగం తగ్గిపోయి ఉంటుంది. మధ్యలో అయిదారు సెకన్ల దూరం వదలమని చెప్పేది అందుకే. ముందు బండి ఏదైనా స్తంభాన్ని దాటగానే లెక్క మొదలుపెట్టండి, అయిదు అనేలోపు మీరు ఆ స్తంభం దగ్గరికి వచ్చేస్తే దగ్గరైపోయినట్టే.

గేర్లు, దిగుడు

ఆరు గేర్ల బండ్లు సులువు. తొమ్మిది గేర్ల బాక్సులో కింది శ్రేణి, పై శ్రేణి ఉంటాయి, గేరు రాడ్డు మీది స్విచ్చో, రాడ్డుని పక్క వరసకి తొయ్యడమో దాన్ని మారుస్తుంది. స్విచ్చున్న బాక్సులో శ్రేణి ముందే ఎంచుకుని తర్వాత గేరు దించాలి. వేగంగా పోతూ పొరపాటున పై శ్రేణి నుంచి కింది శ్రేణికి లాగితే సింక్రొనైజరు పాడవుతుంది, ఆ రిపేరు ఓనరుకి వేలల్లో పడుతుంది. ఖాళీ బండిని రెండో గేరులో ఎత్తుకోవచ్చు, లోడు బండిని మాత్రం ఒకటిలోనే, బండిలో క్రాలర్ (ఒకటి కంటే చిన్న గేరు) ఉంటే ఎత్తు మీద దానిలోనే. టాకో మీటరులో (ఇంజను తిరిగే వేగం చూపేది) ఆకుపచ్చ పట్టీ దాటకుండా గేర్లు మారిస్తే డీజిలు మిగులుతుంది. క్లచ్ పెడల్ మీద కాలు ఊరికే ఆనించి ఉంచే అలవాటు మొదటి వారంలోనే మానిపించాలి, తర్వాత పోదు.

దిగుడులో ఒకే సూత్రం: ఆ ఘాటు ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే, లేదా దానికంటే ఒకటి తక్కువ. ఆ గేరు దిగుడు మొదలవ్వకముందే వేయాలి. సగం దిగాక వేగం పెరిగిందని గేరు దించబోతే రాడ్డు న్యూట్రల్‌కి వస్తుంది, కింది గేరు పడదు, పై గేరూ పడదు, ఇంజను పట్టు పూర్తిగా పోయి మొత్తం బరువు డ్రమ్ముల మీద పడుతుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగేటప్పుడో, శ్రీశైలం ఘాటులోనో, అనంతగిరి నుంచి కిందికి వచ్చేటప్పుడో లైనరు కాలిన వాసన వస్తే ముందు పోయే బండి ఏదో ఈ తప్పు చేసిందనుకోవచ్చు.

బ్రేకు వేడెక్కితే ఏమవుతుందో తెలిస్తే ఆ తప్పు చెయ్యరు. డ్రమ్ము ఇనుము, వేడికి వ్యాకోచించి లైనరుకి దూరమవుతుంది. దాన్ని అందుకోవడానికి చాంబరు రాడ్డు ఇంకా ముందుకి రావాలి, ఒక హద్దు దాటాక రాడ్డుకి చోటు చాలదు. లైనరు కూడా వేడికి పట్టు తప్పుతుంది. అప్పుడు పెడల్ ఎంత తొక్కినా, మీటరులో గాలి నిండుగా ఉన్నా, బండి ఆగదు. అందుకే దిగుడంతా బ్రేకుని తేలిగ్గా నొక్కిపట్టి ఉంచకూడదు. వేగం అనుకున్న హద్దు చేరగానే గట్టిగా తొక్కి ఏడెనిమిది కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదిలేయాలి, మళ్ళీ హద్దు చేరేదాకా ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ గొట్టం మూసి ఇంజనుతోనే బండిని నెమ్మది చేసేది), గేరే పట్టుకోవాలి. వదిలిన ఆ కాసేపట్లో డ్రమ్ములు చల్లబడతాయి, ట్యాంకుల్లో గాలి తిరిగి నిండుతుంది. ఎగ్జాస్ట్ బ్రేకు ఇంజను కొంచెం ఎక్కువ తిరిగినప్పుడే బాగా పట్టు ఇస్తుంది, పెద్ద గేరులో వేస్తే పేరుకే. ఖాళీ బండితో వాన రోడ్డు మీద మాత్రం దాన్ని వాడకపోవడం మంచిది, వెనక చక్రాలు జారతాయి.

న్యూట్రల్‌లో దించితే డీజిలు మిగులుతుందని ఇప్పటికీ నేర్పేవాళ్ళున్నారు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజెక్టర్లు డీజిలు ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేది ఏమీ లేదు, పోయేది బ్రేకు. ఇంజనే ఆపేసి దించడం ఇంకా ఘోరం, కంప్రెసరు ఆగిపోతుంది, స్టీరింగ్ బిగుసుకుపోతుంది. ఘాటులో ఎక్కే బండికి దారివ్వాలన్నది 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్లలోనే ఉంది.

మలుపులు

వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య అయిదారు మీటర్లున్న బండి ఊళ్ళో ఎడమ మలుపు తిరిగేటప్పుడు, మలుపు మూలన నిలబడ్డ సైకిలో, స్కూటరో వెనక టైర్ల కిందికి వచ్చేది ఇలాగే. ఎడమ తిరగాలంటే ముందుకి ఇంకాస్త వెళ్ళి, అప్పుడు తిప్పాలి. అలా వెళ్ళినప్పుడు ఎడమ పక్క ఖాళీ పెద్దదిగా కనిపించి బైకులవాళ్ళు దూరిపోతారు కాబట్టి, తిప్పడం మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ఎడమ అద్దం వదలకూడదు. క్యాబిన్ ఎడమ తలుపు కింద, బానెట్‌కి సరిగ్గా ముందు నిలబడ్డ మనిషి డ్రైవరుకి కనిపించడు. స్కూల్లో ఒకసారి స్నేహితుణ్ణి బండి చుట్టూ నడిపించి ఎక్కడెక్కడ మాయమవుతున్నాడో సీట్లో కూర్చుని చూసుకోండి. రివర్సులో క్లీనరు ‘రా, రా’ అంటుంటే కాదు, అతను అద్దంలో కనిపిస్తుంటేనే వెళ్ళాలి. కనిపించకపోతే హోల్డాన్ అన్నట్టే లెక్క.

లోడు

2018లో పెంచిన ఇరుసు బరువుల ప్రకారం ఆరు టైర్ల లారీ మొత్తం బరువు 18.5 టన్నుల దాకా, పది టైర్లది సుమారు 28 టన్నులు, పెద్ద ట్రెయిలర్లకి 55 టన్నులు. ఇందులో బండి సొంత బరువు కూడా కలిసి ఉంటుంది, కొత్తవాళ్ళు ఇది మరిచిపోతారు. ఖాళీ బరువుని ఆర్సీలో చూసి తీసేస్తే వేయగలిగిన సరుకు తేలుతుంది. కాటా చీటీ లేకుండా లోడు బండి తీయొద్దు. ఓవర్‌లోడుకి చట్టం ప్రకారం 20,000 రూపాయలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకి 2,000.

ఏ సరుకు ఎలా ప్రవర్తిస్తుందో ముందే తెలియాలి. మిర్చి బస్తాలు, పత్తి బేళ్ళు బరువు తక్కువైనా ఎత్తు ఎక్కువ, గాలికీ మలుపుకీ బండి ఊగుతుంది. చీమకుర్తి గ్రానైటు దిమ్మె ఎత్తు తక్కువే, కానీ బరువంతా ఒకచోటే, దిమ్మె కింద చెక్కలు, పక్కన ఆపులు, గొలుసులు సరిగా లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు క్యాబిన్ మీదికే వస్తుంది. సగం నిండిన ట్యాంకరు నిండుదానికంటే ప్రమాదం: బ్రేకు వేసి బండి ఆగాక కూడా లోపలి ద్రవం అలలాగా ముందుకి కొట్టి బండిని తోస్తుంది. తాళ్ళు కట్టిన బండిని ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిచాక ఆపి మళ్ళీ బిగించాలి, సరుకు సర్దుకుని తాడు వదులవుతుంది. టైరు మార్చాక వీల్ నట్లు కూడా అంతే, 50-100 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి బిగించాలి. నట్టు చుట్టూ తుప్పు రంగు చారలు కనిపిస్తే అది వదులైనట్టు.

ఆపినప్పుడల్లా చక్రాల హబ్బు దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళి వేడి చూడండి, ముట్టుకోకుండా ముందు దగ్గరగా పెట్టి. అన్నీ ఒకేలా ఉండి ఒకటే సెగ కొడుతుంటే ఆ బ్రేకు వదలడం లేదు, లేదా బేరింగు పోతోంది. జంట టైర్లలో ఒకదానికి గాలి తగ్గితే బయటికి కనిపించదు, రెండోది మోస్తుంటుంది, కాసేపటికి రెండూ పేలతాయి. సుత్తితో కొడితే గాలి ఉన్నది ఖంగుమంటుంది, లేనిది మెత్తగా పలుకుతుంది. జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని ఊళ్ళోకి వచ్చేముందు తీసేయాలి, అది ఎగిరితే వెనక వచ్చేవాడి అద్దంలోకి పోతుంది.

బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో ఇంకో కొత్త పని చేరింది. నీలం మూత ఉన్న చిన్న ట్యాంకులో డెఫ్ అనే యూరియా ద్రావణం, 32.5 శాతంది, అయిపోకుండా చూసుకోవాలి. అయిపోతే ఇంజను పవరు తగ్గించేస్తుంది, లోడుతో ఎత్తు ఎక్కదు. నీళ్ళు కలపడం, డీజిలు పొరపాటున ఆ ట్యాంకులో పోయడం రెండూ పెద్ద రిపేరుకి దారి. పోసేశారని తెలిస్తే స్టార్ట్ చేయకుండా అక్కడే ఆపేయాలి.

రోడ్డు మీద

ఆర్సీ, ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ట్యాక్సు ఓనరు బాధ్యతే అయినా చెక్‌పోస్టు దగ్గర నిలబడేది మీరు. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు ఉండాలి, అది 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున చెల్లుతుంది. బండి చెడి ఆగిపోతే గడువు దాటకముందే ఓనరుకి ఫోను చేసి పొడిగించమనండి. నాలుగు వరసల హైవే మీద సరుకు బండికి గరిష్ఠ వేగం 80, ఊళ్ళలోనూ మామూలు రోడ్ల మీదా 60.

అయిదుగురు, అంతకుమించి పనివాళ్ళున్న రవాణా సంస్థల్లో 2025 నవంబరుదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం ప్రకారం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలే పని, అయిదు గంటలకి ఒకసారి కనీసం అరగంట విరామం ఉండేవి. ఆ చట్టం ఉందన్న సంగతే చాలామంది డ్రైవర్లకి తెలిసేది కాదు, తెలిసిన ఓనర్లు చెప్పేవాళ్ళు కాదు. ఇప్పుడు దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. పొద్దుటికల్లా విజయవాడ ఆటోనగర్‌లో ఉండాలని రాత్రంతా తోలించే కిరాయిలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, ఆ ఒత్తిడి డ్రైవరు ప్రాణం మీదికి తెస్తోంది. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు మధ్య నిద్ర ఆగదు. టీ, మొహం కడుక్కోవడం పావుగంటకి మించి పనిచేయవు. బండి పార్కింగులో పెట్టి ఇరవై నిమిషాలు పడుకుంటే పనిచేస్తుంది. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన పెద్ద లారీలన్నింటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, మధ్యాహ్నం ఎండలో వచ్చే అలసట దాంతో కొంత తగ్గుతుంది.

మొదటి ఉద్యోగంగా క్వారీ టిప్పరు వద్దంటాను. ట్రిప్పు లెక్కన డబ్బులిచ్చేచోట వేగమే జీతం, కొత్త చేతికి అది మంచి బడి కాదు. సిమెంటు ఫ్యాక్టరీల నుంచి డిపోలకి, మిల్లుల నుంచి గోదాములకి తిరిగే ఆరు టైర్లు, పది టైర్ల బండి మీద సీనియరు ఉన్నచోట చేరండి. ఆర్టీసీ డ్రైవరు పోస్టు కావాలనుకునేవాళ్ళు హెవీ లైసెన్సు తొందరగా తీసుకోవడం మంచిది, నోటిఫికేషన్లలో లైసెన్సు వచ్చి 18 నెలలైనా గడిచి ఉండాలని అడుగుతారు.

పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లు, రసాయనాలు తీసుకెళ్ళాలంటే ఇంకో మెట్టుంది. మూడు రోజుల ప్రమాదకర సరుకుల శిక్షణ తీసుకుని లైసెన్సు మీద రాయించుకోవాలి. ఆ ఎండార్స్‌మెంట్‌కి మూడేళ్ళే గడువు, తర్వాత ఒకరోజు రిఫ్రెషరు. ట్యాంకరు మీది నంబర్ల పలక చదవడం, లీకైతే ఎవరికి ఫోను చేయాలి, గాలి ఎటు వీస్తుంటే ఎటు నిలబడాలి అన్నవి అక్కడే నేర్పుతారు.

మామూలు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకి గడువు అయిదేళ్ళు. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు, మళ్ళీ ఫారం 1ఏ జత చేయాలి. ఇంతకుముందు గడువు తీరాక 30 రోజులు చెల్లేది, 2019 సవరణతో అది పోయింది. తీరిన మర్నాడు యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు కంపెనీ లైసెన్సు లేదనే వాదిస్తుంది. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్ళీ ట్రాకు పరీక్షే.